కుళాయిదే తప్పు

ఏప్రిల్ 4

మళ్ళీ కారుతోంది. బాత్‌రూమ్‌లో బేసిన్ మీది కుళాయి. నిన్న సాయంత్రమే కొత్త వాషరు వేశాను. అదీ అల్లాటప్పా వాషరు కాదు, మా షాపులో డబ్బా అడుగున నా కోసం దాచుకున్న మంచి సరుకు. అయినా పొద్దున నేను మొహం కడుక్కుని ఇలా వచ్చానో లేదో, అలా వెళ్ళిన మా అత్తగారు అక్కణ్ణించే గొంతెత్తారు.

"అమ్మాయ్, కుళాయి కట్టెయ్యడానికి కూడా బద్ధకమేనా?"

"కట్టేశాను అత్తయ్యా. అదే కారుతోంది."

ఆవిడ కిర్రుమని ఓ తిప్పు తిప్పారు. ఆగిపోయింది.

"ఏదీ, ఎక్కడ కారుతోంది? నిక్షేపంలా ఉంది."

కుళాయిల్లో ఉన్న పాడు గుణమే అది. పరాయి చెయ్యి పడగానే ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకుంటాయి. పుట్టి బుద్ధెరిగాక కుళాయిల మధ్యే పెరిగినదాన్ని, వాటి సంగతి నాకు తెలీదా? ఈమధ్య రబ్బరు బాగా రావట్లేదు. అంతే.

కుడిచేతి వేళ్ళు తిమ్మిరి. రోజంతా ఫోన్ పట్టుకుని కూచుంటే ఎవరికైనా అంతే. ఇవాళ్టికి ఇక్కడితో ఆపుతున్నా.

ఏప్రిల్ 6

ఆపుతానన్నాను గానీ ఈ ఫోన్‌లో రాసుకోవడం అలవాటైపోయింది. మధ్యాహ్నం గిరాకీ ఉండదు. గల్లాపెట్టె వెనక కూచుని టకటకా కొట్టుకుంటుంటే దారినపోయేవాళ్ళు నేనేదో స్టాకు లెక్క చూసుకుంటున్నాననుకుంటారు. చూడ్డానికి గౌరవంగా ఉంటుంది.

ఇవాళ ఇల్లు కట్టుకుంటున్న ఓ జంట వచ్చారు. ఆ అబ్బాయి ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఆంటీ, ఇలా పైకి ఎత్తితే నీళ్ళొస్తాయి చూడండి, ఇది కావాలి" అన్నాడు. లివర్ కుళాయి! నేను అందరికీ చెప్పేదే వాడికీ చెప్పాను. "బాబూ, అది ఆసుపత్రి కుళాయి. చేతులు ఖాళీలేని డాక్టర్లు మోచేత్తో తోసుకోవడానికి కనిపెట్టిన సరుకు. నీకు శుభ్రంగా చేతులున్నాయి, ఆ చేతులకి వేళ్ళున్నాయి. తిప్పుకోవడానికేం నొప్పి?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. అప్పుడు నా అసలు విద్య బయటికి తీశాను. ఆమెని కళ్ళు మూసుకోమని చేతిలో ఇత్తడి కుళాయి పెట్టాను. "రెండు వేళ్ళతో తిప్పమ్మా. మర ఎక్కడా పట్టకూడదు. వెన్నలో వేలు పెట్టినట్టు దిగాలి. చివర్లో మెత్తగా ఆగాలి. కుళాయి మంచిదా కాదా అన్నది కంటికి తెలీదు, వేలికి తెలుస్తుంది."

మా నాన్న షాపుతో పాటు నాకిచ్చిన చదువు ఇదొక్కటే. కళ్ళు మూసుకుని తిప్పి, ఇది ఇత్తడా పైపూతా, మర తిన్నగా కోశారా లేదా చెప్పేస్తాను. వేరేచోట కొన్న సరుకు కూడా మేస్త్రీలు నా దగ్గరికే తెస్తారు, "ఓసారి తిప్పి చూడక్కా" అంటూ. ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కుళాయిల అక్క అంటే చాలు.

ఆ జంట తిప్పే కుళాయిలే పట్టుకెళ్ళారు. ఇచ్చేముందు ఒక్కోటీ నేనే తిప్పి చూశాను. బాగానే ఉన్నాయి. బాగానే ఉన్నట్టనిపించింది.

ఏప్రిల్ 9

బాత్‌రూమ్ అరమీద పానా పెట్టుకున్నాను. మొహం కడుక్కున్నాక దాంతో ఓ పట్టు పడితే ఇంక చుక్క రాదు. ఈ తెలివి ముందే ఎందుకు రాలేదో!

ఏప్రిల్ 10

పొద్దున్నే పెద్ద గొడవ. మా అత్తగారు మొహం నిండా సబ్బు రాసుకుని కుళాయి తిప్పబోతే అది కదల్లేదట. కళ్ళలోకి నురగ పోయి ఒకటే కేకలు.

"ఒరేయ్, మీ ఆవిడ కుళాయికి సీలు వేసిందిరా! వచ్చి తియ్యి!"

మా ఆయన పరిగెత్తుకెళ్ళి రెండు చేతులతో పట్టుకుని వేలాడారు. ఊహూఁ. చివరికి నా పానాతోనే విప్పారు. ఆవిడ కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికొచ్చి, "నిన్నటిదాకా కట్టలేదు, ఇవాళ కడితే రాలేదు. నీకు మధ్యస్తంగా ఉండటం రాదుటే?" అన్నారు.

"కుళాయి మర పోయింది అత్తయ్యా. ఒకసారి వదులుగా, ఒకసారి బిగుతుగా. మర పోతే అలాగే ఉంటుంది."

మా ఆయన పానాని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, అర మీద పెట్టేశారు. ఆయన సర్వే ఆఫీసులో పటాలు గీస్తారు. ఏ గీతయినా ముందు పెన్సిలుతో గీసి, దూరం నుంచి చూసుకుని, అప్పుడు సిరా పెట్టే మనిషి. మాట కూడా అంతే. ఇవాళ్టిది ఇంకా పెన్సిలు దశలోనే ఉంది.

ఏప్రిల్ 13

ప్లంబరుని పిలిపించాను. మణికట్టుకి గాజుల్లా టేపు చుట్టలు వేసుకు తిరుగుతాడని అందరూ వాణ్ణి టేపుల తమ్ముడంటారు. కుళాయి విప్పాడు, లోపలి కడ్డీ లాగి చూశాడు, మళ్ళీ బిగించాడు, తిప్పాడు, కట్టాడు.

"దీనికేమీ లేదక్కా. పానా గాట్లు తప్ప."

"సరిగ్గా చూడు."

"చూశానక్కా."

"మర పోయింది. నేను చెప్తున్నాగా."

వాడు నా మొహం చూశాడు, కుళాయి మొహం చూశాడు. రోజూ నా షాపు మెట్ల మీద కూచుని పనులు వెతుక్కునే మనిషి. "నువ్వు చెప్పాక ఇంకేముంది, పోయినట్టే. మార్చేద్దాం" అన్నాడు.

చూశారా. ప్లంబరే పోయిందన్నాడు. (ఎవరు చూస్తారు, నేను తప్ప!)

కొత్తది పెట్టాలి. మా ఇంటికి కుళాయి ఎంచడమంటే నాకెంతసేపు పని?

ఏప్రిల్ 16

ఎంత సేపయినా తెమలట్లేదు.

మొదట నాలుగు రెక్కల పిడి ఉన్నది తెచ్చాను. ఇది ఇల్లాళ్ళకి చూపించేటప్పుడు "పట్టుకోవడానికి ఎంత వాటంగా ఉందో చూడండి" అంటాను. ఇంట్లో పట్టుకుంటే రెక్కలు అరచేతిలో గుచ్చుకున్నాయి. తీసుకెళ్ళి షాపులో పెట్టేశాను. తర్వాత గుండ్రటి పిడిది. "చేతిలో నిమ్మకాయలా ఒదిగిపోతుంది" అని వందల ఇళ్ళకి అంటగట్టాను దీన్ని. నిజంగానే నిమ్మకాయలా ఉంది. సబ్బు చేత్తో పట్టుకుంటే జారిపోతోంది. ఇవాళ పొడుగు మెడది. అది నా వేళ్ళకి అందింది గానీ తిప్పితే నీళ్ళు బేసిన్ దాటి నా పొట్ట మీద పడ్డాయి.

షాపులో ఒక్కోదాని గుణగణాలు ఊపిరి తీసుకోకుండా చెబుతాను. ఇంటికి తేగానే నోరు పడిపోతోంది. నాకు నేనే అమ్ముకోలేకపోతున్నాను. ఇంత గొణిగే కస్టమరు వస్తే నేనైతే ఎదురుగా ఉన్న షోరూమ్‌కి పంపించేదాన్ని, ఆ ఓనరు ప్రాణం తీస్తుందని.

మా ఆయన తువ్వాలుతో నా చీర అంచు పిండుతూ, "ఎత్తే రకం ఒకసారి చూడరాదూ?" అన్నారు.

"లివరా? మనింట్లోనా? నా పరువు ఏం కావాలి?"

పెన్సిలు లోపల పెట్టేసుకున్నారు.

ఏప్రిల్ 18

దర్జీ వదిన వచ్చింది. మా షాపు పక్క సందులో కుట్టుమిషను పెట్టుకుని నలుగురికి పని చెప్పే మనిషి. పోయిన వారం నా దగ్గర కుళాయి కొంది. దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వదినా, బిగించిన రోజు నుంచీ మెడ దగ్గర చిమ్ముతోంది. కత్తిరించి పెట్టిన బట్టలన్నీ నానిపోయాయి. ఎవరికని సమాధానం చెప్పను?"

"అయ్యయ్యో! ఈ కంపెనీవాళ్ళు మరీ..."

"కంపెనీ నాకెందుకు వదినా? కంపెనీని చూసి కొన్నానా? నువ్వు తిప్పి చూసి ఇచ్చావు కదా, ఇంక చూడక్కర్లేదనుకున్నాను."

కోపంగా అని ఉంటే బాగుండేది. పోట్లాడి పంపేదాన్ని. మామూలుగా అంది. వేరేది ఇచ్చి పంపాను. ఈసారి ఆమెనే తిప్పి చూసుకోమన్నాను, ఏదో మర్యాదకి అన్నట్టు.

ఆమె వెళ్ళాక ఆ కుళాయి పట్టుకుని కళ్ళు మూసుకుని తిప్పాను. వెన్నలా దిగింది. మళ్ళీ తిప్పాను. వెన్నే. కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి వెలుగులో చూస్తే, మర మీద ఓ చుట్టు అడ్డంగా కోసుకుపోయి ఉంది. చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది.

కంపెనీ ఏజెంటుకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. పాపం వాడికి విషయం ఏమిటో కూడా అర్థం కాలేదు.

ఏప్రిల్ 19

నిన్న చివర్లో ఇంకో వాక్యం రాశాను. పొద్దున లేచి చెరిపేశాను.

ఏప్రిల్ 22

ఇవాళ నా తల తీసేసినంత పని అయింది.

ఎదురు అద్దాల షోరూమ్ ఓనరు వీధి దాటుకుని మరీ నా షాపుకి వచ్చాడు. అతనికంటే ముందు అతని సెంటు వచ్చింది. అందుకే నేను అతన్ని సెంటనే అంటాను, అతను లేనప్పుడు.

"అక్కా, చాలా సంతోషం! మనలో మనకి పోటీ ఏముంది, ఎవరైనా అమ్మేది నీళ్ళకే కదా!"

"ఏమైంది బాబూ?"

"బావగారు మా షోరూమ్‌కి వచ్చారక్కా. మంచి లివర్ కుళాయి తీసుకెళ్ళారు. మీ బాత్‌రూమ్‌కేనట. ఫొటో తీసుకుందామంటే వద్దన్నారు."

మెట్ల మీద టేపుల తమ్ముడున్నాడు. బల్ల దగ్గర ఇద్దరు కస్టమర్లున్నారు. నేను నవ్వాను. నవ్వుతూనే, "ఆయనకి మీ అద్దాల్లో మొహం చూసుకోవాలని ఉందిట బాబూ, ఊరికే ఎలా వెళ్ళాలని ఓ కుళాయి కొన్నారు" అన్నాను. అందరూ నవ్వారు. సెంటు కూడా నవ్వాడు. అతను వెళ్ళాక నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

ఇంటికెళ్ళేసరికి డబ్బా భోజనాల బల్ల మీదే ఉంది. దాచను కూడా దాచలేదు మనిషి.

"ఏవండీ, ఊరందరికీ కుళాయిలమ్మేదాన్ని నేను. మీరెళ్ళి ఆ సెంటు దగ్గర కొంటారా?"

"కొన్నాను."

"ఎందుకు?"

"నీ దగ్గర అడిగితే అమ్మవు కదా."

"అమ్మను! మనకి లివరెందుకు? చేతులకేం రోగం?"

డబ్బాని బల్ల మధ్యకి జరిపారు. తర్వాత నెమ్మదిగా, "నా చేతులకేం లేదు. అమ్మ చేతులకీ ఏం లేదు" అన్నారు.

"అంటే ఏమిటి మీ ఉద్దేశం?"

"ఆకలేస్తోంది. కంచాలు పెట్టనా?"

కంచాలు ఆయనే పెట్టారు. ఈమధ్య రోజూ ఆయనే పెడుతున్నారు. ఎప్పటినుంచో గుర్తులేదు. ఓ స్టీలు గిన్నె నా చేతిలోంచి జారి పడ్డ రోజు నుంచి కాబోలు. ఆ గిన్నె అడుగు నున్నగా ఉంటుంది, ఎవరి చేతిలోంచైనా జారుతుంది.

ఏప్రిల్ 23

మాట్లాడలేదు. ఆయనతో గానీ, డబ్బాతో గానీ.

ఏప్రిల్ 24

మాట్లాడలేదు. కానీ డబ్బా మీద ఏం రాసి ఉందో చదివాను. అన్నీ అబద్ధాలు.

ఏప్రిల్ 25

షాపుకి బయల్దేరుతుంటే మా అత్తగారు గది తలుపు దగ్గరికి వేసి, "ఇలా తిరుగు" అన్నారు. తిరిగాను. ఆవిడ నా జాకెట్టు వెనక హుక్కులు ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టారు. పైది కిందకీ, కిందది పైకీ పెట్టుకున్నానట.

"తొందరలో పెట్టుకున్నాను అత్తయ్యా."

"నెల రోజులుగా రోజూ తొందరేనా? పైట వేసుకుంటే కనిపించదనుకున్నావు. నేను నీ వెనకే కదే కూచుని టీవీ చూసేది."

ఆవిడ వేళ్ళు సన్నగా, ముడతలుగా ఉంటాయి. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. హుక్కులు మాత్రం టకటకా పడిపోతున్నాయి.

"మీకు తెలిస్తే మరి బద్ధకం, బద్ధకం అని ఎందుకు అరిచారు?"

"బద్ధకం అంటే నాతో పోట్లాడతావు. పోట్లాడుతున్నావంటే బాగానే ఉన్నావని నాకు ధైర్యం. నీ చెయ్యి పనిచెయ్యట్లేదే అని ఏ నోటితో అనను? వాడు అనలేక కుళాయి కొన్నాడు. నేను అనలేక తిట్టాను."

చివరి హుక్కు పెట్టి వీపు మీద ఒక్కటిచ్చారు. "పో. డాక్టరు దగ్గరికి పో. వాడు ఇవాళ సెలవు పెట్టాడు. కింద చెప్పులేసుకుని నుంచున్నాడు, నువ్వేమంటావోనని పైకి రావట్లేదు."

నాకు తెలీకుండా ఈ ఇంట్లో ఎంత రాజకీయం నడుస్తోందో!

ఏప్రిల్ 25, షాపు నుంచి

డాక్టరమ్మ నా మణికట్టు మీద వేలితో తట్టింది. కరెంటు కొట్టినట్టు వేళ్ళ చివరి దాకా జివ్వుమంది. తర్వాత కళ్ళు మూసుకోమని సూదిమొనతో వేళ్ళ చివర గుచ్చుతూ, ఎక్కడ గుచ్చానో చెప్పమంది.

నన్ను! కళ్ళు మూసుకోమని!

చిటికెన వేలు చెప్పగలిగాను. మిగతావి ఊహించి చెప్పాను. ఊహలు తప్పని ఆవిడ మొహం చెప్పింది. మా ఆయన గోడ మీది కేలండరు చూస్తూ కూచున్నారు.

మణికట్టులో నరం నొక్కుకుపోయిందట. ఏళ్ళ తరబడి పానా తిప్పడం, బిగించడం వల్ల కావచ్చంది. చిన్న ఆపరేషను, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ కొన్ని వారాల పాటు ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, పానా ముట్టకూడదు.

"సీజనండీ ఇప్పుడు. అందరూ ఇళ్ళు కట్టేది ఇప్పుడే. వానలు పడ్డాక వస్తాను."

"మీ ఇష్టం. కానీ ఇంకా ఆలస్యం చేస్తే నరం దెబ్బతింటుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా స్పర్శ రాకపోవచ్చు. మీకు పనిలో వేళ్ళతో అవసరం ఉంటుందా?"

మా ఆయన కేలండరు మీంచి కళ్ళు తిప్పి నన్ను చూశారు. నేను, "మామూలుగా, అందరికీ ఉన్నట్టే" అన్నాను.

ఏప్రిల్ 28

వానలు పడ్డాకే. ఆలోచించే చెబుతున్నా. షాపు మూస్తే సెంటు పండగ చేసుకుంటాడు. అయినా కళ్ళున్నాయిగా నాకు, కళ్ళతో చూసి అమ్ముతాను. ఊళ్ళో మిగతావాళ్ళు అమ్మట్లేదా?

మే 1

ఊళ్ళో మిగతావాళ్ళ దగ్గరికి మేస్త్రీ రాడు. నా దగ్గరికి వస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం పెద్ద మేస్త్రీ వచ్చాడు. ఏదో పెద్ద హాస్టలు కడుతున్నారట, ప్రతి గదికీ కుళాయి. యజమాని వేరే ఊరు నుంచి సరుకు తెప్పిస్తున్నాడు. నమూనా ఒకటి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఓసారి తిప్పక్కా. నువ్వు ఊఁ అంటే లారీ రమ్మంటాను."

తిప్పాను. ఏమీ తెలియలేదు. చేతిలో కుళాయి ఉన్నట్టు బరువు వల్ల తెలుస్తోంది, అంతే. మేస్త్రీ నా మొహంలోకి చూస్తున్నాడు, చిన్నప్పుడు మా నాన్న మొహంలోకి చూసినట్టు.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

వాడు కుళాయి జేబులో వేసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కాసేపు కూచున్నాను. ఎవరికో వాషర్లిచ్చాను. అన్ని గదులు, ఆ గదుల్లో ఎవరి పిల్లలో, మెడ దగ్గర చిమ్మే నీళ్ళు. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. వాడు మలుపు దగ్గర ఫోన్ తీసి నంబరు నొక్కుతున్నాడు.

"మేస్త్రీ! ఆగు! అది ఇలా ఇవ్వు!"

"ఏమైందక్కా?"

"నేను సరిగ్గా చూడలేదు. రేపు చెప్తాను."

"ఇప్పుడే కదా బ్రహ్మాండం అన్నావు?"

"అన్నాను. తప్పు. ఇటివ్వు."

ఎదురుగా అద్దాల వెనక సెంటు నుంచుని, ఉత్తి కాళ్ళతో ఆయాసపడుతున్న నన్ను చూస్తున్నాడు. చూడనీ.

మే 1, ఇంట్లో

సాయంత్రం టీల వేళకి భోజనాల బల్ల మీద గుడ్డ పరిచాను. మేస్త్రీ ఇచ్చిన కుళాయి పెట్టాను. షాపులో అట్టడుగున దుమ్ము కొట్టుకుపోయిన లివర్ నమూనాలు తెచ్చి వరసగా పెట్టాను. సెంటు దగ్గర కొన్నదీ డబ్బాలోంచి తీసి పెట్టాను. మా ఆయనా, మా అత్తగారూ ఎదురెదురుగా కూచుని నన్ను చూస్తున్నారు.

"ఏమిటే ఇది, అంగడి పెట్టావు?"

"అత్తయ్యా, నాకు తెలియట్లేదు" అన్నాను.

ఆ మాట ఒక్కటే రిహార్సల్ చేసుకుని వచ్చాను. దారంతా. మిగతాది నోటికొచ్చినట్టు చెప్పేశాను. "వేళ్ళకి ఏమీ తెలియట్లేదు. మీరు తిప్పి నాకు చెప్పండి. అబద్ధం చెప్పకండి. నా కోసం బాగుందనకండి."

మా అత్తగారు పైట దోపుకున్నారు. మా ఆయన చొక్కా చేతులు మడిచారు, ఆపరేషన్ ఆయనకన్నట్టు.

"కళ్ళు మూసుకోండి" అన్నాను.

ముందు మేస్త్రీ కుళాయి. మా ఆయన తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ వెనక్కి తిప్పుతూ చాలాసేపు చూశారు. "ఇక్కడ ఒకచోట తట్టుకుంటోంది. ప్రతిసారీ అదే చోట."

"గరగరా, లేకపోతే టక్కుమనా?"

"టక్కుమని. గీత మీద ఇసుక రేణువు తగిలినట్టు."

మా అత్తగారికి అందించాం. "అవును, టక్కంటోంది. నా మోకాలులా."

మర లోపం. లారీ రావక్కర్లేదు. మేస్త్రీకి అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. "నాకు తెలుసక్కా, నువ్వు ఊరికే పరిగెత్తవు" అన్నాడు. వాడికి అసలు సంగతి కూడా చెప్పాను, కుళాయి తిప్పి చూసింది మా ఆయన అని. "బావగారికి కూడా వచ్చా ఈ విద్య?" అన్నాడు.

తర్వాత మా ఇంటి కుళాయి. సెంటు సరుకు మొదట ఓడిపోయింది. మా అత్తగారు ఎత్తి దింపి, "ఇదేమిట్రా, పాత గొడుగులా ఊగుతోంది. దీనికా నువ్వు ఇంటి పరువు తీసి మరీ వెళ్ళింది?" అన్నారు.

"డబ్బా బాగుందమ్మా" అన్నారాయన.

"నన్ను అడిగి కొనాల్సింది."

"అడిగితే నువ్వు అమ్మవుగా."

ఈసారి ముగ్గురం నవ్వాం. మిగతావి ఒక్కోటీ చూశారు. నేను ప్రశ్నలు వేస్తుంటే వాళ్ళు జవాబులు చెప్పారు. ఎత్తేటప్పుడు బరువా, దింపేటప్పుడు బరువా? వదిలేస్తే నిలబడుతోందా, వాలిపోతోందా? అటూ ఇటూ తిప్పితే నూనె రాసినట్టుందా, పొడిగా ఉందా? నాకు తెలీకుండానే నేను కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు చెబుతుంటే ఒక్కో కుళాయీ లోపల ఎలా ఉందో మొత్తం కనిపించింది. ఈ ప్రశ్నలన్నీ నా వేళ్ళు ఇన్నాళ్ళూ నన్ను అడక్కుండానే వేసుకునేవన్నమాట.

పొట్టి మెడ, వెడల్పు ఆకులాంటి పిడి ఉన్న లివరు ఒకటి మిగిలింది. ఇత్తడి. మా షాపు సరుకే. నేనే ఎవరికీ చూపించకుండా మూలన పడేశాను. ఇంత మంచి కుళాయిని నా నోటితో ఎన్నిసార్లు ఆసుపత్రికి పంపానో!

"ఇదే" అన్నారు మా అత్తగారు. "వేలితో పన్లేదు, తోస్తే పోతుంది."

"మోచేత్తో కూడా" అన్నారు మా ఆయన.

"వెక్కిరించకండి" అన్నాను. రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేస్తానని కూడా అన్నాను. ఆయన టీ గ్లాసులు తీసి బల్ల తుడిచారు. మొదటిసారి ఆయన తుడవడం చూస్తూ కూచున్నాను. బల్ల మూలలు కూడా వదలరు.

మే 3

టేపుల తమ్ముడు కొత్తది బిగించాడు. రెండు సందుల ప్రజలు వచ్చి చూసి వెళ్ళారు. కొంచెం ఎడమకి వాలింది. మళ్ళీ విప్పించి సరిగ్గా పెట్టించాను. కుళాయిలో మాత్రం వంక పెట్టలేకపోయాను. ప్రయత్నించాను.

మే 6

రేపు పొద్దున ఆపరేషను. ఆయన సెలవు పెట్టి షాపులో కూచుంటారు. ఇవాళ రోజంతా దగ్గర కూచోబెట్టుకుని అన్నీ చెప్పాను. కస్టమరు ఏదైనా అడిగితే ముందు దాని మంచి చెప్పమన్నాను. సరేనన్నారు. సాయంత్రం ఒకాయన నిమ్మకాయ పిడి కుళాయి అడిగితే, "సబ్బు చేత్తో పట్టుకుంటే జారుతుందండి" అన్నారు. ఆయన కొనకుండా వెళ్ళిపోయాడు.

దేవుడా, నా షాపు!

డాక్టరమ్మ మాట మాత్రం తిరుగుతోంది లోపల. రాకపోవచ్చు, అంది. వస్తుందని అనలేదు.

మే 11

ఎడమ బొటనవేలితో కొడుతున్నా. తప్పులుంటే నేనే సర్దుకు చదువుకోవాలి. కుడిచేతికి కట్టు, వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. ఆపరేషన్ అయిన రోజు నుంచీ ఆ వేళ్ళని అప్పుడప్పుడూ దొంగతనంగా చీరకి రాసి చూసుకుంటున్నాను. చీరని కళ్ళు చెబుతున్నాయి. వేళ్ళు ఏమీ చెప్పట్లేదు. రోజులు పడుతుందన్నారు.

ఆయన షాపు నుంచి ఫోన్ చేశారు. దర్జీ వదిన వచ్చిందట, ఆమె చెల్లెలి ఇంటికి కుళాయి కావాలని. "నువ్వు లేవని చెప్పాను. నేను తిప్పి చూసి ఇస్తానన్నాను. నువ్వు వచ్చేదాకా ఆగుతానంది" అన్నారు.

"ఎందుకు ఆగనిచ్చారండీ, ఇచ్చి పంపాల్సింది!" అని కసిరాను. పెట్టేశాక కాసేపు ఫోన్ అలాగే పట్టుకుని కూచున్నాను.

మే 14

ఇవాళ పొద్దున మా అత్తగారు టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎడమ చేతిలో ఫోనుంది. ఏదో చదువుతూ, అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపి గ్లాసు పట్టుకున్నాను.

చూపుడు వేలు చురుక్కుమంది.

"అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాను. గ్లాసు తొణికి టీ అంతా బల్ల మీద. ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందే? కాలిందా?"

"కాలింది అత్తయ్యా."

నా గొంతు ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆవిడ నా మొహం చూసి, నా వేలు చూసి, మళ్ళీ నా మొహం చూశారు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, షాపుకి బయల్దేరుతున్న కొడుకుని గట్టిగా కేకేశారు.

"ఒరేయ్, ఇలా రా! దీనికి వేలు కాలిందిరా!"

ఆయన చెప్పులతోనే లోపలికి వచ్చేశారు. కారుతున్న టీని కూడా తుడవలేదు. నా వేలు పట్టుకుని ఊదుతూ నిలబడ్డారు. ఆ ఊదడం కూడా కొంచెం తెలిసింది.